మాస్టారి పంటిగాట్లు

మా సాక్సఫోన్ మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను మంగళగిరిలో ఒక పెళ్ళిపందిట్లో ఉన్నాను. వాద్యంలో పలికే పల్చటి రెల్లుముక్కను, అదే రీడును, నానడానికి నోట్లో పెట్టుకున్నాను. ఆయన భార్య, పిన్నిగారు, చెప్పిన మాటకి "ఊఁ" అనడం తప్ప బదులు చెప్పలేకపోయాను. పెళ్ళివారింట చావుకబురు పైకి అనకూడదు. పక్కనున్న డోలాయనకీ చెప్పలేదు. తాళి కట్టడం అయి, అక్షింతలు పడేదాకా వాయించి, భోజనం వద్దని గుంటూరు బస్సెక్కాను. నా కళ్ళు చూసి పక్కసీటావిడ "మిరపకాయల ఘాటమ్మా, ఈ సీజనంతా ఇంతే" అంటూ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. అవునన్నాను.

బ్రాడీపేట సందులో రెండు గదుల ఇల్లు ఆయనది. ఊపిరితిత్తులు మొరాయించాక పెళ్ళిళ్ళు మానేసి పాఠం చెప్పడానికే మిగిలారు. వాయించే రోజు ఆవకాయ ముట్టేవారు కాదు. గుంటూరు మనిషి ఆవకాయ మానడమంటే సగం సన్యాసం పుచ్చుకున్నట్టే! నన్నూ మానమన్నారు. "వాద్యం నీ ఎంగిలి తింటుందమ్మాయ్. దానికి కారం పెట్టకు" అనేవారు. నేను దొంగతనంగా తిని వెళ్తే గుమ్మంలోనే పసిగట్టి, పెరట్లోకి పంపి నోరు కడిగించేవారు.

నేను నేర్చుకున్నది ఆయన ఆల్టో మీదే. సాక్సఫోన్ దగ్గరగా చూడనివాళ్ళకి చెబుతాను: మెడ వంగి, పొట్ట దగ్గరికి తిరిగి ఉండేది ఆల్టో. నిటారుగా, దూరం నుంచి సన్నాయిలా కనిపించే చిన్నది సొప్రానో. తను వాయించడం మానేశాక ఆ ఆల్టోని నా చేతికిచ్చి కచేరీలకి పంపేవారు.

అలా ఒకసారి దర్శి దగ్గర పెళ్ళికి వెళ్ళాను. పందిరి వెనక వంటల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన నా వాద్యం విని లేచి వచ్చారు. "మాస్టారు వచ్చారుగా? ఏరీ?" అని వెతుకుతున్నారు. రాలేదండి, వాయించింది నేనే అంటే నమ్మరే! చివరికి నా మొహంలోకి అదోలా చూసి వెళ్ళిపోయారు. నాకు మాత్రం గాల్లో తేలినట్టయింది.

ఆ సంబరం మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. పెట్టెలోంచి ఆల్టో మూతిముక్క, అదే నోట్లో పెట్టుకుని ఊదే కొస, తీసి, "ఇక్కడ వేలు పెట్టి చూడు" అన్నారు. నల్లటి ముక్క మీద రెండు గుంటలు తగిలాయి. ఏళ్ళ తరబడి ఆయన పైపళ్ళు ఆని పడిన గాట్లు. నా పళ్ళు ఇన్నాళ్ళూ వాటిలోనే కూర్చుంటున్నాయి.

"నువ్వు నా నోటితో వాయిస్తున్నావమ్మాయ్" అన్నారు.

"అయితే కొత్త మూతి కొంటాను మాస్టారూ."

"మూతి మారిస్తే పోదు. నీ చెవి నాకు అలవాటు పడిపోయింది. వాద్యమే మార్చు. నేను పోయాక కూడా నన్ను మోసుకు తిరుగుతావా ఏంటి?"

ఆయనలా వాయించడమే నాకు తెలిసిన వాయించడం. అది తీసేస్తే నా దగ్గర ఏం మిగులుతుందో నాకే తెలియదు. ఇంటికెళ్ళి ఏడ్చాను.

సొప్రానో కొనడానికి ఆటోలో తనే వెంటబెట్టుకుని వెళ్ళారు. కొట్లో రెండున్నాయి. ఒకటి కొత్తది, ధగధగలాడుతోంది. ఇంకోటి ఎవరో వాడి అమ్మేసిన పాతది, పూత పోయి మచ్చలు పడింది. ఒక్కసారి ఊది చెప్పమని బతిమాలాను. "నేనూదితే నా చెవికి నచ్చింది కొంటావు. ఊదను" అని వీధి వైపు తిరిగి నిలబడ్డారు. ఆటోల హారన్ల మధ్య వీపుతోనే విన్నారు. "పైస్థాయి ఎవరికైనా నచ్చుతుంది. అట్టడుగు స్వరం మెల్లగా పట్టు. అది తడబడకుండా పలికినదే నీది." కొత్తది అక్కడ బొంగురుపోయింది. మచ్చలది పలికింది.

చిన్న వాద్యం కాబట్టి సులువనుకున్నాను. ఆల్టో మీద వేసిన వేళ్ళే వేసినా వేరే శ్రుతి వినిపించేది. పెదవి కాస్త వదులైతే చాలు, స్వరం జారిపోయేది. "వేళ్ళకి అన్నీ తెలుసు. పెదవి ఇవాళే బళ్ళో చేరింది. కసరకు దాన్ని" అనేవారు. ఆ ఏడాది ఒక పెళ్ళిలో "వంకరది వద్దు, సన్నాయే కావాలి" అని పట్టుబట్టిన పిల్ల మేనమామ నా సొప్రానో చూసి, "హమ్మయ్య, ఇదీ సన్నాయంటే!" అని పెళ్ళిపీటల పక్కనే కుర్చీ వేయించాడు. ఈ సంగతి చెబితే మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు.

పెద్దకర్మ రోజు, భోజనాలయ్యాక, పిన్నిగారు ఆల్టో పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వు వాయిస్తే ఆయనే అనుకున్నారటగా అప్పుడు? ఒక్కసారి వాయించమ్మా. వింటాను."

పెట్టె తెరిచాను. మూతిముక్క చేతిలోకి తీసుకోగానే బొటనవేలు దానంతటదే ఆ గాట్ల మీదికి వెళ్ళింది. వాయిస్తే ఆయన వస్తారేమోనని భయం. వాయించి ఆపితే ఆమెకి ఆయన మళ్ళీ పోతారని అంతకన్నా భయం.

"నావల్ల కాదు పిన్నిగారూ. నాది వాయిస్తాను" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను నా మచ్చల సొప్రానో బిగించుకుని, కళ్ళు మూసుకుని వాయించాను. అందులో ఆయన పోకడ ఒక్కటీ లేదు. నా గొంతు నాకే స్పష్టంగా వినిపించింది. ఆ ఇంట్లో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

కళ్ళు తెరిచేసరికి పిన్నిగారు నా వైపు తిరిగి ఉన్నారు.

"పాట నీదేనమ్మా. ఆయనది కాదు" అన్నారు. "మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నావు చూడు, ఆ చప్పుడు మాత్రం ఆయనదే. అచ్చం అంతే. మళ్ళీ వాయించు."

మళ్ళీ వాయించాను. పాట సాగినంతసేపూ ఆమె తల వంచుకుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ కూర్చున్నారు. నేను ఆగి ఊపిరి తీసుకున్నప్పుడల్లా మాత్రం, పక్కగదిలోంచి ఎవరో పిలిచినట్టు తలెత్తి చూశారు.