తిరగేసి పరిచిన గోడ

మాలెం ఇద్రీస్ పనికి కూర్చుంటే మా పాలమూరులో రాళ్లు కొట్టేవాళ్లు గుర్తొచ్చేవారు. నేల మీద కాళ్లు చాపి కూర్చుంటాడు. ముందర ఒక రాతి దిమ్మె. ఎడమచేతిలో ఒకవైపు రంగు పూసిన మట్టి పలక, కుడిచేతిలో కిలోన్నర సుత్తి. అంత బరువు సుత్తితో గోరంత ముక్క చెక్కేవాడు. నక్షత్రాలు, బాదం పలుకులు, పొడుగు పట్టీలు. పొద్దుగూకేసరికి చుట్టూ డబ్బాలు నిండేవి, ఒక్కో రంగుకి ఒక్కో డబ్బా.

మాలెం అంటే వాళ్ల భాషలో పెద్ద మేస్త్రీ. ఊరు మొరాకోలోని ఫెజ్. వయసు అరవై దాటింది.

నేను అయిదో తరగతిలో బడి మానేసి సిమెంటు కలపడంలో పడ్డవాణ్ణి. నర్సుగా ముందు వచ్చిన మా అక్క బాలమణి నాకు కాగితాలు పెడితే, 1979లో న్యూజెర్సీ వచ్చాను. ఇక్కడా సిమెంటే. 1983 చలికాలం మొదట్లో పిస్కాటవే దగ్గర ఒక మ్యూజియం కడుతుంటే అందులో పని దొరికింది. సైట్ ఇంజనీర్ రాధాకృష్ణ గారిది తెనాలి.

"నరసింహా, రేపట్నుంచి ఆ మొరాకో ఆయనకి హెల్ప్ చెయ్యి. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం," అన్నారు.

"నాది గూడ అంతంతే గద సార్."

"అందుకేనయ్యా. ఇద్దరికీ కుదురుతుంది."

నిజంగానే కుదిరింది. సగం ఇంగ్లీషు, సగం చేతులు. మేమిద్దరం అనుకున్న మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదటి రోజే తప్పు చేశాను. షెడ్డులో నేల నిండా ముక్కలు పరిచి ఉన్నాయి. ఒక్కటీ రంగు కనపడదు, అన్నీ ఎర్రమట్టి వీపులే. ముసలాయనకి చూపు ఆనక బోర్లా పెట్టాడనుకుని, ఆయన నమాజుకి వెళ్లినప్పుడు ఒక నలభై ముక్కలు తిప్పి పెట్టాను. తిరిగొచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఓరి గాడిదా! ముఖం నేలకే ఉండాలి. వీపు మీద సిమెంటు పోస్తాం. గట్టిపడ్డాక పలకంతా లేపి తిప్పుతాం. అప్పటిదాకా పరిచినవాడు కూడా బొమ్మ చూడడు."

"చూడకుండ ఎట్ల పెడతవ్ మాలెం? కాగితం మీద గీసుకోవా?"

"కాగితం చదువుకున్నవాళ్లకి," అని కణత మీద వేలితో కొట్టుకున్నాడు.

ఆయన ఇంటిపేరు ఘర్నాతీ. గ్రనడా వాళ్లని అర్థం. మన ఇంటిపేర్లలాగే ఊరి పేరు. ఆ ఊరు స్పెయిన్‌లో ఉంది. ఒకప్పుడు అక్కడ ముస్లిం రాజులు ఏలారట. అయిదొందల ఏళ్ల కింద ఆ రాజ్యం పోతే, ఈయన ముత్తాతల ముత్తాతలు సముద్రం దాటి ఫెజ్ చేరారట.

"వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నరు?" అని అడిగాను.

"ఏం తేనిస్తారు? చేతులు తెచ్చుకున్నారు."

మ్యూజియంలో మేం కట్టే గోడ, ఫెజ్‌లో ఆరొందల ఏళ్లనాటి మదరసాలో ఉన్న గోడకి నకలు. ఆ పాత గోడకి ఆయన తాత మరమ్మతులు చేశాడు. ఇద్రీస్‌కి ఇద్దరు కొడుకులు. ఒకడు పారిస్‌లో టాక్సీ నడుపుతాడు, ఇంకొకడు బ్యాంకులో గుమాస్తా. ఇద్దరూ సుత్తి పట్టలేదు.

"నాతో అయిపోయింది, నరసీ. ఈ గోడ తప్పు లేకుండా నిలబడాలి. ఇంకో గోడ నా వల్ల కాదు."

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. టీ గ్లాసు పట్టుకుంటే కుడిచెయ్యి వణికేది. సుత్తి పడితే మాత్రం నిలబడేది. డిసెంబరుకల్లా సుత్తి పట్టినా వణకడం మొదలైంది. దగ్గితే గుడ్డ మీద ఎర్ర చారలు. అప్పటికి గోడకి కావలసిన నాలుగు పెద్ద పలకల్లో మూడు అయిపోయాయి. నాలుగో దాంట్లో, గోడకెక్కాక కుడివైపుకి వచ్చే కింది మూల మిగిలింది, మూడొందల ముక్కలు. అవన్నీ చెక్కి డబ్బాల్లో పెట్టినవే, పరచడమే తరువాయి. ఆ రోజు డబ్బా కోసం వంగినవాడు మళ్లీ లేవలేదు. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. యాభై ఏళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందన్నారు డాక్టర్లు.

రాధాకృష్ణ గారు షెడ్డుకొచ్చారు. "వచ్చే గురువారం మ్యూజియం కమిటీ వస్తోంది. రేపు పొయ్యకపోతే సిమెంటు ఆరదు. గోడ రెడీగా లేకపోతే మెషిన్ టైల్స్ పెట్టేస్తారట. ఆర్డర్ కూడా టైప్ చేసి ఉంచారు."

"మాలెంని అడగకుంట ఎట్ల పోస్త సార్?"

"అయితే అడిగిరా. కార్ తీసుకెళ్లు."

ఇద్రీస్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. మాట రావడం లేదు. నన్ను చూడగానే ఎందుకొచ్చానో అర్థమైనట్టుంది. దుప్పటి మీద వేలితో గీయడం మొదలుపెట్టాడు. ఇక్కడ నలుపు, ఇక్కడ ఆకుపచ్చ, ఇక్కడ తేనె రంగు, ఇటు నుంచి అటు. రెండుసార్లు గీశాడు. నేను తలూపాను. కళ్లు మూసుకున్నాడు.

ఒక్క మాట అడగాల్సింది. నువ్వు గీసింది ముందువైపు నుంచా, వీపువైపు నుంచా అని. రెండు నెలలు పక్కన కూర్చుని ఇంకా ఇది తెలీదా అనుకుంటాడేమోనని సిగ్గుపడ్డాను. మంచం మీద ఉన్నవాడు బొమ్మనే గీస్తాడు కదా అనుకున్నాను. ముఖం నేలకి పెట్టి పరిచేటప్పుడు ఎడమ కుడి అవుతుంది. అది నేను నేర్చుకున్నాను. అందుకని ఆయన గీసినదాన్ని మనసులో జాగ్రత్తగా తిప్పి, తిప్పినట్టే పరిచాను. మోకాళ్లు బొబ్బలెక్కాయి. సిమెంటు పోశాను.

బుధవారం పలకలన్నీ లేపి గోడకి ఎక్కించాం. మూడున్నర పలకల మీద నక్షత్రాలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చాయి. కుడి మూలకొచ్చేసరికి రంగులు ఎదురు నడిచాయి. ఆకుపచ్చ పట్టీ నలుపుకి గుద్దుకుని ఆగిపోయింది. ఆయన గీసింది వీపువైపు నుంచే. ఉన్నదున్నట్టు పెడితే సరిపోయేది.

గురువారం కమిటీ వచ్చింది. డాక్టర్లు వద్దంటున్నా ఇద్రీస్ చక్రాల కుర్చీలో వచ్చాడు, ఆసుపత్రి నర్సు తోస్తుంటే. పనిసంచీ ఒళ్లోనే ఉంది. గోడని ఎడమ నుంచి చూసుకుంటూ వచ్చాడు. మూల దగ్గర చూపు ఆగింది. నావైపు తిరగలేదు.

కమిటీలో ఒక ప్రొఫెసరమ్మ ఆ మూలని ముందే కనిపెట్టింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "దేవుడొక్కడే తప్పు లేనివాడని మీ వాళ్లు కావాలనే ఒక తప్పు వదులుతారట కదా! ఎంత గొప్ప భావం!"

ఆమె ఏమందో నేను విడమరిచి చెప్పాను.

"ఎవరు చెప్పారు ఈమెకి?" ఇద్రీస్ గొంతు గరగరలాడింది. "ఇలాంటి మూల పెడితే మా నాన్న నా వేళ్లు విరగ్గొట్టేవాడు. తప్పు అని చెప్పు."

"మేడమ్, మిస్టేక్. మై మిస్టేక్," అన్నాను.

ఆమె నా భుజం తట్టి, వీళ్లెంత వినయవంతులో చూడండని మిగతావాళ్లతో అంది.

ఇద్రీస్ సంచీలోంచి సుత్తి తీశాడు. ఎత్తబోతే చెయ్యి గాలిలో కొట్టుకుంది. సుత్తి నా చేతిలో పెట్టాడు.

"నీ చెయ్యి గట్టిది. ఆ మూల పగలగొట్టు. మళ్లీ చేస్తాను."

"నరసింహా," వెనక నుంచి రాధాకృష్ణ గారు మెల్లగా తెలుగులో అన్నారు, "చెయ్యెత్తావంటే జాబ్ పోతుంది, నేను కాపాడలేను. నీ వైఫ్‌వి, పిల్లలవి పేపర్స్ ఇంకా ప్రాసెస్‌లో ఉన్నాయి. గుర్తుపెట్టుకో."

ఆయన మళ్లీ చెయ్యలేడని నాకు తెలుసు. పగలగొడితే అక్కడ మెషిన్ టైల్సే వస్తాయని కూడా తెలుసు. అయినా ఆయన అడిగింది అది కాదు. తప్పు ఉండకూడదన్నాడు, అంతే. సుత్తి పిడి ఆయన చేతి చెమటతో తడిగా ఉంది. ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు. ఎత్తలేదు. తిరిగి ఆయన సంచీలో పెట్టేశాను.

ఇద్రీస్ కుర్చీ తొయ్యమని నర్సుకి సైగ చేశాడు. మార్చిలో పెద్దకొడుకు వచ్చి ఫెజ్ తీసుకెళ్లాడు. జూన్‌లో పోయాడని రాధాకృష్ణ గారి ఆఫీసుకి ఉత్తరం వచ్చింది.

నా భార్య శాంతి, పిల్లలు 1986లో వచ్చారు. రెండేళ్ల తర్వాత స్కూలు ట్రిప్పులో ఆ మ్యూజియం చూసొచ్చిన మా పెద్దమ్మాయి జయంతి, నన్ను కూడా లాక్కెళ్లింది. గోడ పక్కన ఇత్తడి పలక ఉంది. దాన్ని చదివి చెప్పింది. మాస్టర్ ఇద్రీస్ ఘర్నాతీ తన సంప్రదాయం ప్రకారం కుడి మూలలో కావాలనే ఒక తప్పు ఉంచాడని ఉందట.

"సో కూల్ కదా నాన్నా!"

"అది ఆయన పెట్టలే బిడ్డా. నేను పెట్టిన. ఆయన తీసెయ్యమన్నడు."

"జోక్ చేస్తున్నావ్."

"జోక్ గాదు. నిజం."

నా ముఖంలోకి చూసి నవ్వింది. "నాన్నా, అక్కడ రాసి ఉంది కదా," అని పక్క గదిలోకి వెళ్లిపోయింది.