పదకొండు అని నేనే అన్నాను

మావయ్య గురువారం మధ్యాహ్నం పోయారు. మచిలీపట్నంలో మా వీధి చివర ఆయన దర్జీ షాపులో, మిషను ముందు కూర్చునే ప్రాణం విడిచారు. నేను పక్క సందులో బియ్యం కొట్లో లెక్కలు రాస్తాను. కబురు విని పరుగెత్తేసరికి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టారు. మిషను సూది కింద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ళది నమాజు ఇల్లు, మాది కాదు. అయినా మా స్నేహితులు పదకొండుమందికీ ఆయన మావయ్యే. మమ్మల్ని ఏడాదికి మూడు నాలుగుసార్లు ఎక్కడికైనా తీసుకెళ్ళడం ఆయన పెట్టుకున్న పని. మంగినపూడి బీచ్, గుడివాడలో మ్యాట్నీ, లేకపోతే హంసలదీవి. వారం ముందే ఇంటింటికీ నడిచి వచ్చేవారు. ఫోన్లో పిలిస్తే అది పిలుపు కాదనేవారు. మమ్మల్ని కాదు, ఇంట్లో ఆడవాళ్ళని అడిగేవారు.

"ఆదివారం మీ ఆయన్ని నాతో పంపుతావా అమ్మా?"

"తీసుకెళ్ళండి బాబాయిగారూ, ఒక్కపూటైనా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అనేది మా ఆవిడ.

పనుందని నేను నసిగితే, "నీ బియ్యం ఎక్కడికీ పారిపోవులే అల్లుడూ" అనేవారు. ఒంటరిగా బీచ్‌కి వెళ్ళేవాళ్ళంటే ఆయనకి వింత. "ఒక్కడివే చూడ్డానికైతే నీళ్ళు మీ నూతిలో లేవూ?" అని ఓసారి నన్నడిగారు. పెద్దగా చదువు లేనివాణ్ణి, నలుగురిలో నోరు తెరవనివాణ్ణి. నన్ను మనుషుల్లో కలిపింది ఆయనే.

ఎప్పుడూ ఒకటే అద్దె వ్యాను, ఒకడే డ్రైవరు. ఆ బండి ఎక్కడ ఆగినా, తిరిగి బయల్దేరే ముందు ఆయన తలుపు దగ్గర నిలబడి వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టేవారు. తనని ఎప్పుడూ లెక్కలో వేసుకునేవారు కాదు. "పదకొండు. పోనీ" అనేవారు డ్రైవరుతో. ఏళ్ళ తరబడి అదే మాట విన్నాం.

కిందటి ఎండాకాలం హంసలదీవి నుంచి తిరిగి వస్తూ అవనిగడ్డలో భోజనాలకి ఆగాం. ఆయన నమాజుకి వెళ్ళారు. తిన్నవాళ్ళు తిన్నట్టే ఎక్కి కునుకు తీస్తున్నారు, వెనక పేకాట మొదలైంది. ఆయన వచ్చి ముందు సీట్లో కూర్చుని ఉంటారనుకున్నాను. సాయం చేద్దామని, ఆయనలాగే నేను లెక్కపెట్టాను. నన్ను కూడా కలుపుకుని. పదకొండు వచ్చింది. ఆయనా ఉంటే పన్నెండు రావాలి. కానీ ఆ పదకొండు చెవికి ఎంత అలవాటంటే నాకు అనుమానమే రాలేదు.

"పదకొండు. పోనీ" అన్నాను.

చల్లపల్లి దాకా వచ్చాక ఎవరో "మావయ్యా, మజ్జిగ సీసా ఎక్కడ పెట్టారు?" అన్నారు. చూస్తే ముందు సీటు ఖాళీ. ఫోన్ చేస్తే సీటు కింద ఆయన సంచిలోనే మోగింది.

"నీకు కళ్ళు లేవూ? పెద్దాయన ఎక్కిందీ లేందీ చూసుకోవద్దూ?" అని మావాళ్ళు డ్రైవరు మీద పడ్డారు.

"వెనకనించి ఎవరో పోనీ అన్నారండీ" అన్నాడతను.

"ఎవరన్నారు? పేరు చెప్పు!"

అతను తల తిప్పి మా అందరి వంకా చూశాడు. నేను కిటికీలోంచి చేలు చూస్తున్నాను.

వెనక్కి వెళ్ళేసరికి మావయ్య ఎండలో రోడ్డు పక్కనే నిలబడి ఉన్నారు. చొక్కా తడిసిపోయి ఉంది. ఎక్కి, కాసిని నీళ్ళు తాగి, "పోన్లెండ్రా, దొరికాను కదా" అని నవ్వారు. షుగరు మనిషి. ఆ రాత్రి జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేదు.

మావాళ్ళు ఇక ఆ బండి వద్దన్నారు. మావయ్య ఆ బండైతేనే వస్తానన్నారు. ఎవరూ తగ్గలేదు. మళ్ళీ మేం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆయన ఒక్కసారే అడిగారు. నా చొక్కాకి కొలతలు తీసుకుంటూ, నా వెనక నిలబడి.

"ఆ రోజు లెక్కపెట్టిందెవరో నీకేమైనా తెలుసా అల్లుడూ?"

"తెలీదు మావయ్యా."

టేపు నా భుజం మీద ఒక్క క్షణం ఆగింది. "చేతులు దించు" అన్నారు, అంతే. ఆయనకి తెలుసని అప్పుడే అనిపించింది. చెప్పడానికి ఏడాది టైమిచ్చారు. రోజూ ఆ షాపు ముందునుంచే నడిచాను.

శుక్రవారం ఖననం అయ్యాక కోనేరు సెంటర్లో బళ్ళు ఆగేచోటికి వెళ్ళాను. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. చెప్పాను.

"మీరా అండీ?" అన్నాడు. గుడ్డ పిండి, మళ్ళీ తుడిచాడు. "పొద్దున మట్టి వేసేటప్పుడు మీ పక్కనే ఉన్నాను కదండీ. అందరూ అక్కడే ఉన్నారు. అప్పుడు అనుంటే సరిపోయేది."

అక్కడ అనలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు తప్పు డ్రైవరుది కాదు. నాది. మావాళ్ళు మిగతా పదిమందీ ఇది చదవాలి. మావయ్య చదవాల్సింది, ఆయనకి మాత్రం చేరదు.

ఆ మాట అని డ్రైవరు బండెక్కాడు. తలుపు వేసుకుని బండి తీశాడు. కొంచెం దూరం వెళ్ళి ఆగాడు. నా కోసమేమో అనుకుని రెండడుగులు వేశాను. గిలకలదిండి చేపల రేవుకి వెళ్ళే ఐసు లారీ ఒకటి అడ్డంగా మలుపు తిరుగుతోంది. అది కదిలాక బండి కూడా వెళ్ళిపోయింది. లారీలోంచి కారిన నీళ్ళు రోడ్డు మీద సన్నటి చారలా మిగిలి, నేను చూస్తుండగానే ఎండకి ఆరిపోయాయి.