రేపల్లె రైల్లో ఇటాలియన్ పాఠం

ఇటలీ వాళ్ల ఫోన్లకు జవాబిచ్చే ఉద్యోగం నాది. ఇంకా శిక్షణలోనే ఉన్నాను. ఖాతాలోకి ఎవరో దూరారనో, దొంగ లింకు నొక్కామనో కంగారుపడి ఫోన్ చేసేవాళ్లకు వాళ్ల భాషలోనే జాగ్రత్తలు చెప్పాలి. మాట్లాడే పరీక్ష రెండుసార్లు తప్పాను. "వాక్యాల్లో తప్పుల్లేవు. వింటుంటే నమ్మకమే కలగట్లేదండి" అన్నారు పరీక్ష పెట్టినవాళ్లు. మూడోది రేపు. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే. అందుకే తెలిసినవాళ్లను బతిమాలి రేపల్లెలో ఉండే కరుణక్కను పట్టుకున్నాను. ఇటలీలో ఒక ముసలావిడను చూసుకుంటూ ఏళ్లపాటు ఉండి వచ్చిన మనిషి ఆవిడ.

పొద్దున్నే బాపట్లలో పాసింజరెక్కి తెనాలిలో దిగాను. రేపల్లె బండికి ఇంకా గంట పైనే ఉంది. టిక్కెట్టు చవకే కానీ ఆ ఎదురుచూపుకే సగం ప్రాణం పోయింది. రాత్రంతా చదివి నిద్ర లేదు, పైగా ఉక్క. బెంచీ మీద కూర్చుని ఇటాలియన్ గొణుక్కుంటుంటే టీ అమ్మే ఆయన "ఏంటమ్మా, జపమా?" అన్నాడు. పరీక్ష బాబాయ్ అన్నాను. "అయితే అల్లం ఎక్కువేస్తానుండు" అన్నాడు. బండెక్కాక వేమూరు, భట్టిప్రోలు దాటే వరకు కునికిపాట్లే.

కరుణక్క ఒక చేత్తో చింతపండు పిసుకుతూనే పాఠం చెప్పింది. "'కాంబి లా పాస్‌వర్డ్' అని అలా మీద పడతావేంటి? పాస్‌వర్డ్ మార్చమనే ముందు 'సిన్యోరా' అను. అమ్మా అన్నట్టు. ఆవిణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనియ్యి." తన ముసలావిడ సంగతీ చెప్పింది. ఎవడో ఫోన్ చేసి "నానమ్మా, నేనే" అన్నాడట. మనవడనుకుని బ్యాంకు కార్డు మీదున్నదంతా చదివేసిందట. "ఆ తర్వాత కన్నకొడుకు ఫోన్ కూడా ఎత్తలేదమ్మా, పాపం." నాకు చాలా బాధేసింది. మధ్యాహ్నం దాకా చెప్పిందే చెప్పి నా దవడలు లాగేశాయి. చేపల పులుసుతో నాలుగు ముద్దలు తిని, ఏమీ రాలేదన్న దిగులుతోనే తిరుగు బండెక్కాను.

ఎదురు సీట్లో చేపలమ్ముకుని వస్తున్న ఒకావిడ, కాళ్ల దగ్గర ఖాళీ గంప పెట్టుకుని గట్టిగా ఫోన్ మాట్లాడుతోంది. "బ్యాంకు నుంచా? నంబరొచ్చిందయ్యా, చెప్తా రాసుకో." పొద్దుటి నుంచి నోట్లో నానుతున్న మాటే ముందు బయటపడింది. "సిన్యోరా! నోన్ దీకా ఇల్ కోదిచె ఆ నెస్సూనో!" బోగీ అంతా నావైపు తిరిగింది. ఆవిడ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి "ఏ భాషమ్మాయ్ అది?" అంది.

"ఆ నంబరు ఎవరికీ చెప్పొద్దు పిన్నీ. వాడు దొంగ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వూ పిన్నీ అంటన్నావు, వాడూ పిన్నీ అనే అంటన్నాడు. నిన్నెందుకు నమ్మాలి?"

అలసట మీద నిజమే వచ్చేసింది. "నన్నూ నమ్మొద్దు పిన్నీ. నాకూ చెప్పొద్దు."

ఆవిడ ఫోన్ కట్టేసింది. మళ్లీ మోగినా ఎత్తలేదు. ఫోన్‌ను కొంగున ముడేసుకుని తెనాలి దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది.

తెనాలిలో దిగగానే కరుణక్కకు ఫోన్ చేసి, "'నాకు కూడా' అనడం ఎలా అక్కా?" అని అడిగాను. "నెఆంకె ఆ మె" అంది. ఎవరికీ చెప్పకండి, నాకు కూడా: రేపు పరీక్షలో ఇదే అంటాను. ఇన్నాళ్లూ నన్ను నమ్మండి నమ్మండి అని గొంతు చించుకున్నాను, ఎవరు నమ్ముతారు? రేపు గట్టెక్కుతానో లేదో తెలియదు, ఒళ్లు మాత్రం హూనమైంది. మీరూ బాపట్ల నుంచి రేపల్లె వెళ్లాలనుకుంటే తెనాలి చుట్టు తిరక్కుండా చెరుకుపల్లి మీదుగా బస్సులో పొండి. కాదు, రైల్లోనే వెళ్తామంటారా, ఎవరెంత చుట్టరికం కలిపినా ఫోన్‌లో నంబర్లు పైకి చదవకండి. ఎదురు సీట్లో నాలాంటివాళ్లు వింటూనే ఉంటారు.