తుమ్మ పీకిన ఒంటి పన్ను

మా అత్తమ్మ బర్రెను కొనేటప్పుడు మూడు పూటలు తానే కూర్చుని పాలు పిండి చూసేది. అమ్మేవాడు ఎంత తెలిసినవాడైనా ఆ మూడు పూటలు గడిచాకే మాట ఇచ్చేది. ట్రాక్టరు వెనక తగిలించే ఇనుప సామానుకు కూడా అదే పరీక్ష పెడుతుందని మాత్రం ఇంట్లో ఎవరమూ ఊహించలేదు.

డెబ్బయ్యవ దశకం చివరి రోజులవి. పట్నం చివర జహనుమాలో మా ఇంటి వెనక కొట్టంలో పద్నాలుగు బర్రెలుండేవి. మా ఆయనది రైల్వేలో షిఫ్టుల ఉద్యోగం. పాల పనంతా అత్తమ్మ, మా మరిది చూసుకునేవాళ్లు. పెళ్లయి ఏడాది కూడా నిండని నేను అత్తమ్మ ముందు నోరు విప్పాలంటేనే భయపడేదాన్ని. ఎండాకాలం వస్తే పచ్చగడ్డికి కటకట. సొంతంగా పెంచుకుందామని అత్తమ్మ ఫలక్‌నుమా దాటాక, రైలు పట్టాలకు అవతల నాలుగెకరాలు కౌలుకు తీసుకుంది. అందులో మంచి నీళ్లున్న బావి ఉంది. భూమి మాత్రం కంటికి కనపడదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా మనిషెత్తు సర్కారు తుమ్మ. దాని ముల్లు చెప్పును దాటి కాలిలో దిగేది.

ముందు కూలీలను పెట్టి ఒక మూల గొడ్డళ్లతో కొట్టించాం. వాన పడిందో లేదో, కొట్టిన ప్రతి మోడు నుంచీ గుప్పెడు కొమ్మలు లేచాయి.

"గొరిగిన తలకాయకు ఎంటికలు మొలిసినట్టు మొలుస్తున్నది గదనే," అంది అత్తమ్మ నాతో. "గిట్ల కొడితే పోదిది. వేరు పీకాలె."

మరిది అప్పటికే నయాపూల్ దగ్గర ఒక దుకాణంలో నేల చదును చేసే నిగనిగలాడే ఇనుప బ్లేడు చూసి వచ్చాడు. ట్రాక్టరు కిరాయికి దొరుకుతుంది, వెనక తగిలించే సామాను మనదైతే చాలని అతని లెక్క.

"మస్తుంటది అమ్మా! మన కొట్టం తలుపంత వెడల్పు. ఒక్కసారి పోతే చదునే!"

మర్నాడు ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. దుకాణదారు మరిదితోనే మాట్లాడుతూ బ్లేడు చూపించాడు, పళ్లేల నాగలి చూపించాడు, తొమ్మిది కొక్కేల గొర్రు చూపించాడు. అత్తమ్మ ఒక్కో ఇనుమునూ వేలితో తట్టి చూసింది. బ్లేడు పక్కన దాన్ని గురించి ఇంగ్లీషులో అచ్చేసిన చిన్న పుస్తకం ఉంది. నేను ఇంటర్ చదివానని గుర్తొచ్చిందేమో, దాన్ని నా చేతిలో పెట్టింది.

"ఏం రాసిండ్రు, సదువు."

చదివాను. "బ్లేడు వదులు మట్టిని చదును చేయనీకట అత్తమ్మా. మోళ్లు, వేర్లు ఉన్నకాడ వాడొద్దని రాసిండ్రు."

మరిది ముఖం చిన్నబోయింది. దుకాణదారు నవ్వేసి, "చెల్లె సరిగ్గ సదివింది. తుమ్మకు మాకాడ సామాను లేదమ్మా. ఫలక్‌నుమాల ఒక ఉస్తాద్ ఉన్నడు, అడిగి చూడుండ్రి," అన్నాడు. తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్క సీటు నాకిచ్చింది. అంతకు ముందెప్పుడూ ఇవ్వలేదు.

ఉస్తాద్ కార్ఖానా అంటే ఒక రేకుల షెడ్డు, ఒక కొలిమి. యాభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. మా కథంతా విని, మూలన ఉన్న ఇనుప చట్రం చూపించాడు. దానికి మోచేతి అంత పొడవున, లోపలికి వంగిన మూడు లావుపాటి పళ్లున్నాయి. "ఇది మట్టిల దిగి వేరు కిందికెల్లి ఎత్తుతది. నేనే చేసిన. కానీ తుమ్మ మీద ఎన్నడూ నడిపియ్యలే."

"అయితే పిండి చూపియ్యి భాయ్," అంది అత్తమ్మ.

"ఏంది పిండేది?"

"బర్రెను పిండకుండ కొంటమా? మా చెల్కల మూడు పూటలు నడిపి చూపియ్యి. పనిజేస్తే నాది, లేకుంటే నీది."

ఉస్తాద్ పకపకా నవ్వాడు. "సరే అమ్మా. గట్లనే కానియ్యి."

ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. కూలీలు కొమ్మలు కొట్టి మోకాలెత్తు మోళ్లు ఉంచారు. ఉస్తాద్ అందరినీ దూరంగా నిలబెట్టి తానే నడిపాడు. మూడు పళ్లూ నేలలో దిగాయి. ఇంజను గుర్రుమంది, పొగ కక్కింది. అంతే, వెనక టైర్లు గిరగిరా తిరిగి మట్టిని చిమ్మాయి, ముందు టైర్లు రెండూ గాలిలోకి లేచాయి! మరిది "అయ్యో" అని అరిచాడు. ఉస్తాద్ చటుక్కున క్లచ్చి తొక్కడంతో ట్రాక్టరు దభీమని కిందికి దిగింది. ఆయన దిగి వచ్చి చెమట తుడుచుకున్నాడు. రెండోసారి వేరే మోడు దగ్గర ప్రయత్నించాడు. ఈసారి ట్రాక్టరు ఉన్నచోటే మొరాయించింది.

"పెద్ద ట్రాక్టర్ కావాలె అమ్మా," అన్నాడు దిగులుగా.

నాకు ఒక మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. అత్తమ్మ అది కనిపెట్టింది. "ఏందే, చెప్పరాదు?"

"ఏం లేదత్తమ్మా... చిక్కుపడ్డ జుట్టుల దువ్వెన మొత్తం దింపి గుంజితే రాదు గదా. ఒక్క పన్ను పెట్టి ఒక్కొక్క చిక్కు తీస్తం."

అనకుండా ఉండాల్సిందని సిగ్గుతో చచ్చిపోయాను. ఉస్తాద్ చట్రం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బహూ సహీ బోలీ! కోడలు సరిగ్గ చెప్పింది!" అని తొడ మీద చరుచుకుని, పానా తీసుకుని పక్క పళ్లు రెండూ విప్పేశాడు.

నడుమ మిగిలిన ఒంటి పన్ను మోడు పక్కనుంచి నేలలోకి దిగింది. ట్రాక్టరు మెల్లగా, చాలా మెల్లగా కదిలింది. లోపల ఏదో పటపటా తెగిన చప్పుడు. మోడు ఒక పక్కకు ఒరిగి, ఎర్రమట్టితో సహా లేచి వచ్చింది. దాని కింద మా మరిది చేయంత లావు వేరు. అత్తమ్మ ఆ మోడు దగ్గరికి వెళ్లి, వేరును చేత్తో పట్టి, "దొరికినవ్ బిడ్డా!" అంది. మేమంతా చప్పట్లు కొట్టాం.

అలాగని పని తేలిగ్గా ఏమీ సాగలేదు. రెండో పూటే ముల్లు దిగి ముందు టైరు పంక్చరైంది. ఆ తర్వాత ట్రాక్టరు వెళ్లే దారిలో ముళ్లు ఏరి పక్కకు లాగే పని నేనూ మరిదీ తీసుకున్నాం. ముళ్లు గీరి చేతుల నిండా గీతలు పడ్డాయి. మూడో పూట ముగిసేసరికి అత్తమ్మ ఉస్తాద్‌తో, "పాలు నిండుగున్నయ్ భాయ్, తీసుకుంటున్న," అంది. నెల తిరిగేలోపు నాలుగెకరాలూ బయటపడ్డాయి. అప్పుడే మొదటిసారి ఆ భూమి తూర్పు వైపు కొంచెం వాలుగా ఉంటుందని తెలిసింది మాకు.

పీకిన మోళ్లు గుట్టలా పడి ఉంటే, పెళ్లిళ్లకు వంట చేసే ఒకాయన ఉస్తాద్ ద్వారా విని బండి తోలుకొచ్చాడు. తుమ్మ వేరు నిప్పు చాలాసేపు నిలుస్తుందట. కట్టెలన్నీ తీసుకుపోయి, వారం తర్వాత ఒక పెద్ద గిన్నె నిండా బిర్యానీ పంపాడు. ఆ రోజే మేతకు పచ్చజొన్న విత్తనం వేశాం. అందరం బావి గట్టు మీద కూర్చుని అదే తిన్నాం. అత్తమ్మ ముందు ఉస్తాద్‌కు వడ్డించింది. తర్వాత నాకు వడ్డిస్తూ, "ఇంకింత వేసుకో, గీతలు పడ్డ చేతులవి," అని మాంసం ముక్కలన్నీ నా వైపే తోసింది. మరిది గిన్నెలోకి తొంగి చూసి లొల్లి చేశాడు.