మస్కట్ ఇసుక, మా మామ మట్టి

రిటైరైనోళ్లు కొత్త ఊరికి పోయేముందు అక్కడ నీళ్లెట్లున్నయి, దవాఖాన ఎంత దూరం అని అడుగుతరు. మా మేనమామ మాత్రం సచ్చినంక నా సంగతేంది అని అడిగిండు. ఆడనే పడ్డది పేచీ.

మామ గద్వాల సర్కారు బస్సు డ్రైవరు. అయిజ దిక్కు, అమరచింత దిక్కు, వనపర్తి మీదికెల్లి నాగర్‌కర్నూల్ దిక్కు ఆయన తోలని రోడ్డు లేదు. ఏ పల్లెల బండి ఆగినా చాయ పోసి పిలిచేటోడు ఒకడుంటుండె. ఆయనకు ఒక్కతే బిడ్డ, నాకు మరదలు. నర్సు చదివి మస్కట్‌ల ఒక దవాఖానల కొలువు చేస్తుండె. నేనేమో ఏడో తరగతిల బడితోని తెగదెంపులు చేసుకున్న మనిషిని, అందుకే ఆ పిల్లను నాకియ్యలే. మంచిపనే చేసిండ్రు. ఆమెది సూది పట్టే చెయ్యి, నేను సూదిని చూస్తే కిందపడేటోణ్ణి. సంసారం నడుస్తుండెనా.

నాది బస్టాండు ముందర ఎస్టీడీ బూత్. సెల్‌ఫోన్లు ఇంకా ఉన్నోళ్ల జేబులల్లనే ఉన్న రోజులు. మస్కట్‌కు, దుబాయికి, బొంబాయికి ఊరి కష్టసుఖాలన్నీ నా అద్దాల డబ్బలకెల్లే పోతుండె. తలుపు ఏసుకుని మాట్లాడాలె అని బోర్డు పెట్టిన గని, మా దిక్కోళ్లు ఫోన్ల మాట్లాడితే వైరు లేకున్నా మస్కట్‌కు ఇనొస్తది.

మామ రిటైర్ కాంగనే మరదలు అమ్మానాయినలిద్దరినీ అక్కడికే వచ్చెయ్యమన్నది. చూసి పోయేటందుకు కాదు, ఉండిపోయేటందుకు. ఆమె పెనిమిటి గూడ మంచోడు, వీళ్ల కోసం ఒక అర్ర ఖాళీ చేసి పెట్టిండు. అత్తకైతే కాలు నిలుస్తలేదు. మనవరాలు పుట్టి మాటలు గూడ నేర్చింది, అత్త ఇంకా ఆ పిల్లను ఎత్తుకోలే.

"అమ్మమ్మంటే ఫోన్లకెల్లి వచ్చే సప్పుడు అనుకుంటదిరా అది. నేను పోయి ఎత్తుకుంటే గని మనిషినని నమ్మది" అంటుండె.

మామిడికాయ తొక్కు పెట్టింది, కారం పట్టిచ్చింది, కొత్త పెట్టెకు తాళం కొన్నది. మామ గూడ మొదట ఊ అన్నడు. ఇంటెనక పుంటికూర, అదే గోంగూర, పెంచుతుండె, ఆడ గూడ పెంచుత అని బిడ్డకు మాటిచ్చిండు.

గంతల ఆయనతోని పనిచేసిన డ్రైవరు ఒకాయన అమరచింతల కాలం చేసిండు. మామ మట్టికి పోయొచ్చిండు. కాలవెట్టినా పూడ్చిపెట్టినా మా దిక్కు దాన్ని మట్టి అనే అంటం, మట్టికి పోయిన అంటే మనిషిని సాగనంపొచ్చిన అని. వచ్చి నా బూత్ ముందర బల్ల మీద కూసొని, పెండ్లికి పోయొచ్చినోని లెక్క చెప్పవట్టిండు.

"ఏం మందిరా అల్లుడా. డ్రైవర్లు, కండక్టర్లు అందరు ఆడనే. భుజం పెడదామంటే సందు దొరకలే."

"ఆఖరికి దొరికిందా?"

"ఊరు దాటినంక దొరికింది. గప్పటిదాంక స్టాండింగే."

చెప్తు చెప్తనే ఏదో యాదికొచ్చినట్టు ఆగి, "మస్కట్ కలుపు" అన్నడు.

కలిపిన. తలుపు ఏసుకున్నడు. అయినా ఆయన అడిగింది నాకే కాదు, పక్కన చాయ హోటలుకు గూడ ఇనొచ్చింది.

"అమ్మా, ఆడ మట్టి ఎట్ల?"

అవతలి మాట మాకు ఇనరాదు గద. మామ మొఖం మాత్రం అద్దంల కనవడుతుండె. మొదలు కనుబొమ్మలు పైకి పోయినయి, ఎనక దవడ కిందికొచ్చింది. బయటికొచ్చి బల్ల మీద గాకుండ మెట్టు మీద కూలవడ్డడు.

"నేను పోను" అన్నడు.

"ఏమైంది మామా?"

"ఆడ మట్టి లేదంట. అంత ఇసుకనేనంట. కావాల్నంటే సంచుల్ల దొరుకుతదంట. ఆడున్న అల్లుడు భుజం మీద ఏసుకొని తెస్తడంట."

నాకు గూడ సమజ్ కాలే. ఎడారి దేశం గద, ఆళ్ల రివాజు గట్ల ఉంటదేమో అనుకున్న.

తెల్లారి అత్త నా బూత్‌కు వచ్చింది. కండ్లు ఎర్రగున్నయి, నోరు మాత్రం ఎప్పటి తీర్గనే ఉన్నది. "నన్ను సంచిల పెడతరే అని ఒకటే నస. ఎవరు పెడతర్రా ఈయనను సంచిల? ఈయన పొట్టకు సరిపోయే సంచి మస్కట్‌ల గూడ దొరకది. ఈయనను ఇడిసిపెట్టి నేనొక్కదాన్ని ఎట్ల పోత? పోకుంటె ఆ పిల్లను ఎట్ల చూస్త?"

మరదలికి నేనే ఫోన్ కొట్టిన.

"ఏం పిల్లా, మీ నాయినను సంచిల పెడత అన్నవంట."

"పొద్దుగాలనే తాగినవా బావ?"

"మట్టి సంచుల్ల దొరుకుతది అంటివంట గద."

"అవు. పుంటికూర పెడత అనె గద నాయిన. ఈడ అంత ఇసుకనే, మొక్కలకు మట్టి కొనాలె."

"మీ నాయిన అమరచింతల మట్టికి పోయొచ్చి అడిగిండే."

అవతల ఇరగవడి నవ్వింది. నవ్వి నవ్వి నడుమలనే ఆగిపోయింది.

"గా ముచ్చట నా మనసుకే రాలే బావ" అన్నది. "అడిగి చెప్త."

దవాఖానల అడిగి, తెలిసినోళ్లను అడిగి, నాల్గొద్దులకు చెప్పింది. విన్నదంత మోసుకొని నేను మామ ఇంటికి పోయిన. పుంటికూర మడిల కలుపు తీస్తుండు. ముందుగాల సంచి సంగతి చెప్పిన. నవ్విండు గని పూరా నవ్వలే.

"సరే, ఇసుక పక్కకు పెట్టు. అసలు మట్టి ఎట్ల మరి?"

"రెండు రూట్లు ఉన్నయి మామా. ఒకటి, పెట్టెల పెట్టి విమానంల ఇంటికి తోలుడు."

"విమానంల ఏడ పెడతరు?"

"కింద. సామాన్లల్ల."

పీకిన గడ్డి చేతిలనే పట్టుకొని నన్ను చూసిండు. "సర్వీసంత మనుషులను సీట్ల మీద కూసోవెట్టి తీస్కపోయిన. బియ్యం సంచులు, మేకపిల్లలు ఉంటె టాపు మీదికెక్కిచ్చిన. ఇప్పుడు నేను టాపు మీద రావాల్నా?"

"టాపు గాదు మామా, డిక్కి."

"అది ఇంకా కరాబ్. రెండోది చెప్పు."

"రెండోది ఆడనే. మనోళ్లకు కాలవెట్టే జాగ ఉన్నదంట. దవాఖాన కాడ వ్యానుల ఎక్కిస్తరు, ఆ జాగ కాడ దించుతరు."

"నడుమల?"

"నడుమల ఏమున్నది? నాన్‌స్టాప్."

"మరి దింపుడుకల్లం?"

పాడెను మోస్కపోతు పోతు తొవ్వల ఒక కాడ దించుతరు. దగ్గరి మనిషి ఒంగి చెవుల మూడుసార్లు పిలుస్తడు, పానం ఏ మూలనన్న ఉంటె పలుకుతడేమో అని. పలకకుంటె మళ్ల ఎత్తుకొని ముందలికి పోతరు. మామ అడిగింది గదే.

"నేను చెయ్యెత్తిన ప్రతోని కోసం బస్సు ఆపిన" అన్నడు. "స్టేజీ ఉన్నదా లేదా అని చూడలే. నన్ను తీస్కపోయే బండి ఒక్క నిమిషం ఆగదారా?"

"మామా, గట్ల పిలిస్తే లేసినోణ్ణి నువ్వు చూసినవా? అమరచింతాయన లేసిండా?"

"లెవ్వలే."

"మరింక?"

"లేసుడు లెవ్వకపోవుడు పోయినోని ఇష్టం. పిలుసుడు ఉన్నోళ్ల పని. నన్ను ఎవరు పిలవకుంట పంపుతరా?"

అత్త గడప మీద నిలబడి అంత ఇన్నది. లోపలికి పోయి తొక్కు జాడీ తెచ్చి నా చేతిల పెట్టింది.

"నువ్వు తినుపో. ఇగ ఎవరికి కట్టాలె."

మరుసటి దినం నేను వాపస్ తెచ్చిన ఆ జాడీతోనే ముగ్గురం బూత్‌ల నిలవడ్డం. ఇద్దరు పట్టే డబ్బ, అత్త సగం బయటనే. రిసీవరుకు ఒక దిక్కు మామ చెవి, ఒక దిక్కు నా చెవి. నేను ముందుగాలనే మరదలికి అంత చెప్పిపెట్టిన.

"నాయినా, మా దవాఖాన వ్యాను డ్రైవరు కేరళాయన. అడిగిన. నడుమల ఆపుతడంట."

"డ్రైవర్లు గట్లనే అంటరు బిడ్డా. తర్వాత ఆపరు. నాకు తెల్వదా?"

"నేను ఆయన పక్కన్నే కూసుంట. ఎట్ల ఆపడో చూస్త."

"మరి పిలిచేదెవరు?"

"నేనే."

నా నోరు ఊకుంటదా. "మామా, మన దిక్కు ఆడోళ్లు దింపుడుకల్లం దాంక రారు గద" అన్న.

మామ నా దిక్కు టికెట్ లేనోణ్ణి చూసినట్టు చూసిండు. "నా బండ్ల ఎవరెక్కాల్నో నువ్వు చెప్తవా?" అని మళ్ల ఫోన్ల, "ఏమని పిలుస్తవమ్మా?" అన్నడు.

"నాయినా అనే. ఇంకేమంటరు?"

మామ రిసీవరు అత్తకిచ్చి, "లైను మంచిగ లేదు" అని బయటికి పోయిండు. లైను మంచిగనే ఉండె. నా బూత్‌ల లైను నాకు తెల్వదా.

అత్త ఫోన్ పెట్టి, జాడీ తీసుకొని, "ఇంట్ల పని ఉన్నదిరా" అని ఇంటి బాట పట్టింది.

ఇద్దరు మస్కట్ పోయినంక అత్త మొదలు చేసిన ఫోన్‌ల మనవరాలి ముచ్చటే. "నా ముక్కు గుంజి చూసిందిరా. ఇప్పుడు నమ్మింది." మామ మాత్రం ఆడ గూడ ఖాళీగ కూసోలే. వ్యాను ఆగుతది, బిడ్డ పిలుస్తది, అంత మంచిగనే ఉన్నది గని, దించేది ఎవరు, ఎత్తేది ఎవరు అని ఆయనకు కొత్త పరేషాన్. శుక్రవారం సెలవు దినం మన దిక్కు కూలోళ్లు, మేస్త్రీలు ఒక కాడ కూడుతరంట. ఆడికి పోయి ముచ్చట పెట్టి పెట్టి నలుగురిని మాటకు ఒప్పిచ్చిండు. అయిజాయన ఒకడు, వనపర్తి దిక్కోళ్లు ఇద్దరు, నాగర్‌కర్నూల్ సాయబు ఒకాయన.

"సాయబు ఏమన్నడు మామా?" అని ఫోన్ల అడిగిన.

"మాకు గూడ భుజమే గద చాచా, దానికేముంది అన్నడు. అందరికంటె ఎత్తు ఆయనే. మిగిలినోళ్లు జర సర్దుకోవాలె."

ఒకనాడు ఆ సాయబే నా బూత్‌కు వచ్చిండు. సెలవు మీద ఊరికొచ్చిండంట, అత్త పంపిన ఖర్జూరాల పొట్లం ఇచ్చిండు. నాగర్‌కర్నూల్ బస్సుకు ఇంకా టైం ఉండె, చాయ తాపిచ్చిన. నిజంగనే పొడుగు మనిషి, తలుపుల ఒంగి వచ్చిండు.

"మళ్లెప్పుడు పోతవు భాయ్?" అన్న.

"నెల సెలవు. అయిపోంగనే పోత."

"ఎందుకంత తొందర? ఇంకో నెల పెంచుకో" అన్న. "నీ భుజం లేనిది మా మామ ఆడ పోయే పని పెట్టుకోడు."

సాయబు చాయ గ్లాసు దించి నవ్విండు.

"చాచా గూడ గదే చెప్పి పంపిండు" అన్నడు.