గుర్రానికి పెట్టొచ్చు

మా ప్రొద్దుటూరు జట్కా మౌలాలి, తాను ముందు తిని చూడనిదేదీ తన గుర్రానికి పెట్టేవాడు కాదు.

ఏదో మాటవరసకు అంటున్నానని అనుకోకండి. ఉలవలు కానీ, తవుడు కానీ, పచ్చగడ్డి కానీ, ముందు ఒక పిడికెడు ఆయన నోట్లో పడాల్సిందే. కళ్ళు మూసుకుని నిదానంగా నమిలేవాడు. తర్వాత ఒకసారి ఆకాశంవైపు చూసి తీర్పు చెప్పేవాడు. తీర్పులు రెండే రెండు: ఒకటి 'పెట్టొచ్చు', రెండోది 'పెట్టగూడదు'. గుర్రం పేరు నవాబు. "నవాబు అన్నాక తిండి రుచి చూసే నౌకరు ఉండల్ల గదా సార్" అనేవాడు నాతో.

ఆంధ్రరాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో నేను జమ్మలమడుగు నుంచి వచ్చి ప్రొద్దుటూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. మా గేటుకు ఎదురుగానే జట్కా స్టాండు. పదకొండు జట్కాలు, పదకొండు గుర్రాలు, పదకొండు నోళ్ళు. మనుషుల నోళ్ళ సంగతే చెబుతున్నాను. నాకు పొద్దుపోవడానికి వేరే ఏదీ అక్కర్లేకపోయింది.

చేరిన వారానికే మౌలాలి వచ్చాడు. నవాబుకు కడుపుబ్బరమట. డాక్టరుగారు రాసిన ప్రకారం సీసాడు ఆముదం పోసి ఇచ్చాను. ఆయన మూత తీసి, నేను వద్దు వద్దంటుండగానే గటగటా నాలుగు గుక్కలు తాగేశాడు.

"అది మందయ్యా మహానుభావా, మేత కాదు!"

"మందైతే మాత్రం? అదీ నోట్లోంచే గదా సార్ పోయేది."

మూడు రోజులు మనిషి స్టాండులో కనబడలేదు. నాలుగో రోజు వచ్చాడు, బుగ్గలు లోపలికి పోయి, బండి పట్టుకుని నడుస్తూ. గుర్రం ఎట్లా ఉందని అడిగాను.

"గుర్రానికేం సార్, బంగారట్ల ఉండాది. మందు శానా గట్టిది. పెట్టొచ్చు."

ఈ తీర్పుల బాధ ఇంట్లో ఇంకా ఎక్కువ. ఒకసారి ఆయన భార్య చాంద్‌బీ, గొర్రెపిల్లకు మందు కోసం వచ్చి నా దగ్గర మొర పెట్టుకుంది. "నిఖా అయి పద్దెనిమిదేండ్లాయ సార్. పలావు జేసినా, సేమియా జేసినా కండ్లు మూసుకోని పైకి సూసి 'పెట్టొచ్చు' అంటాడు. బాగుందే చాందూ అని ఒగనాడన్నా అన్ల్యా!"

పక్కనే ఉన్న మౌలాలికి కోపం వచ్చింది. "నవాబుకే పెట్టొచ్చు అన్న్యాక ఇంగేం అనల్ల? అంతకన్నా పెద్ద మాట యాడుండాది?"

ఖాజీపేటలో ఒక పెళ్ళిలో బిర్యానీ తిని పెళ్ళికూతురి తండ్రితో ఇదే మాట అని, తన్నులు తినకుండా బయటపడటానికి ఆయన పడ్డ పాట్లు స్టాండులో అందరూ నెల రోజులు చెప్పుకున్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆయన గుర్రం, ఆయన నోరు. కానీ నేను వచ్చిన మూడో ఏటో నాలుగో ఏటో ఈ జబ్బు ముదిరింది. ఉన్నట్టుండి మిగతా వాళ్ళ తోబ్రాలలో కూడా చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. తోబ్రా అంటే గుర్రం మూతికి తగిలించే మేతసంచి. జట్కావాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఒకడి బండి ఇంకొకడు తోలవచ్చు, ఒకడి చుట్ట ఇంకొకడు కాల్చవచ్చు. ఒకడి తోబ్రాలో మాత్రం ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు. దిష్టి అంటారు, ఇంకా ఏమేమో అంటారు. మౌలాలి పొద్దున్నే వచ్చి వరుసగా పది సంచులలోనూ చెయ్యి పెట్టేవాడు.

"తియ్యి మామా చెయ్యి! మీ నవాబు మిగిల్చింది సాల్లేదా నీకు?" అని పక్క బండి రహమాన్ అరిచేవాడు.

"గమ్మునుండప్పా. ఊ... పెట్టొచ్చు."

ఆ పదకొండు మందిలో కొండయ్య ఒక్కడే నోరెత్తేవాడు కాదు. నెమ్మదైన మనిషి. మిగతావాళ్ళవి సొంత బండ్లు; కొండయ్య తోలేది మాత్రం పత్తి షావుకారు జట్కా, షావుకారు గుర్రం. మౌలాలి జబ్బు ముదరడానికి కొంచెం ముందు కొండయ్య చేతిలో ఒక గుర్రం చచ్చిపోయింది. బూజు పట్టిన ఉలవలు పెట్టాడు, కడుపులో శూల వచ్చింది, మా డాక్టరుగారు ఎంత చేసినా నిలవలేదు. ఆ రోజు కొండయ్యను నేను చెడామడా తిట్టాను. "అంత కంపు కొడుతుంటే ఎట్లా పెట్టావయ్యా? నీకు ముక్కు లేదా?" అన్నాను. తల వంచుకుని నిలబడ్డాడు. షావుకారు ఇంకో గుర్రాన్ని ఇచ్చాడు కానీ, ఇది కూడా పోతే జట్కా దిగి ఇంటికి పొమ్మని అందరి ముందూ చెప్పాడు. కొండయ్యకు భూమి లేదు. ఆ జట్కా మీదే ఐదు కడుపులు.

అరవై రెండు ఎండాకాలంలో పెన్నలో చుక్క నీళ్ళు లేవు, ఊళ్ళో పచ్చిగడ్డి లేదు. అప్పుడు ఒక వ్యాపారి బెంగుళూరు వైపు నుంచి పులివెందుల మీదుగా ఒక వింత సరుకు దింపాడు. లూసర్న్ అనే సీమ మేతగడ్డిని ఎండబెట్టి, తరిగి, బెల్లం పాకం చల్లి, అచ్చులో వేసి గట్టిగా నొక్కిన బిళ్ళలు. అచ్చుబెల్లమంత ఉంటాయి. పందెం గుర్రాలు తినే మేత అన్నాడు. ఆ మాటతో స్టాండంతా ఎగబడి కొన్నారు.

మౌలాలి అలవాటు ప్రకారం బిళ్ళ ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. అది గొంతులో అడ్డం పడింది. కళ్ళు తేలేశాడు. మేము వీపు మీద గుద్ది, నీళ్ళు పోస్తే, అది లోపల ఇంకా ఉబ్బింది. ఎట్టకేలకు మింగి, కాసేపు ఆకాశం చూశాడు.

"నానబెట్టి పెట్టొచ్చు. నానబెట్టనిది పెట్టగూడదు. గుర్రానికైతే ఈపున గుద్దేదానికి మనం సాలం."

నేను పోయి డాక్టరుగారిని అడిగాను. ఆయన పుస్తకం తిరగేసి చెప్పారు: బిళ్ళను విరిచి చూడాలి, లోపల పచ్చగా ఉండాలి, తెల్లటి పొడి రాలకూడదు, ముక్కిన వాసన రాకూడదు, నీళ్ళలో మెత్తబడేదాకా నానబెట్టాలి. అందులో సగం మౌలాలి గొంతు ముందే కనిపెట్టేసింది.

ఇక అప్పటినుంచి స్టాండులో శాంతి లేదు. ప్రతివాడి బిళ్ళా మౌలాలి విరవాల్సిందే. బస్సు వచ్చి జనం దిగుతుంటే గుర్రాలు ఇంకా తింటూనే ఉండేవి. ఒకరోజు మౌలాలి ఏకంగా రహమాన్ సంచిని మొత్తం కింద పోసి వెతికాడు. ఆ సాయంత్రమే స్టాండు పెద్ద అమీర్ బాషా అందరినీ కూర్చోబెట్టాడు.

"మౌలాలీ, ఇదే ఆకరు మాట. ఇంగొగసారి ఒగరి తోబ్రాలో చెయ్యి పెడితే నీ బండి ఈడ నిలబడేది ల్యా."

స్టాండు పోతే బస్సు దిగిన బేరం ఒక్కటీ దక్కదు. మౌలాలి గడ్డం గోక్కున్నాడు. "సరే బాషా. మీ మాటే కానీ" అన్నాడు.

రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే కానీ, చూపు మాత్రం పక్క బండ్ల మీదే. మూడో రోజు పొద్దున నేను టీ కోసం గేటు దాటాను. కొండయ్య నానిన బిళ్ళలు తోబ్రాలో వేసి గుర్రం మూతికి తగిలించబోతున్నాడు. పది అడుగుల దూరంలో ఉన్న నాకే తడి గోనె కుళ్ళిన వాసన కొట్టింది. నేను నోరు తెరిచేలోపు మౌలాలి ఒక్క దూకు దూకి, అందరూ చూస్తుండగా ఆ సంచిలో చెయ్యి పెట్టాడు. బిళ్ళ విరిచాడు. లోపల తెల్లగా బూజు. నాలుక మీద ఇంత పెట్టుకుని ఉమ్మేశాడు.

"పెట్టగూడదు!" అని సంచి బోర్లించి పారబోశాడు.

అమీర్ బాషా లేచాడు. "నేను సెప్పిందేంది, నువ్వు సేసిందేంది? ఇడ్సిపెట్టు స్టాండు."

మౌలాలి పోయి నవాబు కళ్ళెం పట్టుకున్నాడు. బండి తిప్పాడు. అప్పుడు కొండయ్య పరుగెత్తి వచ్చి చక్రానికి అడ్డం నిలబడ్డాడు.

"బాషా మామా, తప్పు నాది. నాకు వాసన తెలీదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"మూడేండ్ల కింద జొరమొచ్చి జమ్మలమడుగు ఆసుపత్రిలో నెల పండుకుంటి గదా. డాకటర్లు పానం నిలబెట్టిరి. ముక్కు మాత్రం ఆ జొరంతోనే పాయ. కూర మాడినా తెలీదు, ఉలవలు కుళ్ళినా తెలీదు. ఆ గుర్రం సచ్చింది అందుకే. షావుకారుకు తెలిస్తే బండి పీకేస్తాడని ఎవురికీ సెప్పల్యా. ఈయప్ప ఒగడే కనిపెట్టినాడు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నీకు ముక్కు లేదా అని నలుగురిలో అడిగిన మహా మేధావిని నేనే కదా. నిజంగా సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతూనే ఉన్నాను.

రహమాన్ తేరుకుని అడిగాడు. "మరి కొండయ్య సంచి సూసుకుంటే సాలు గదా మామా? మా అందరి సంచుల్లో నీకేం పని?"

మౌలాలి మొహమాటపడ్డాడు. ఆయన మొహమాటపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "వాందొగటే సూస్తే, ఎందుకు సూస్తాండావని మీరు అడగరా? పిచ్చి ముదిరిందనుకుంటే ఎవురూ ఏమీ అడగరు."

అమీర్ బాషా పోయి తన తోబ్రా తీసుకొచ్చి మౌలాలి ముందు పెట్టాడు. "ముందు నాది సూడు" అన్నాడు.

ఆ మరునాటి నుంచి పొద్దున్నే పదకొండు తోబ్రాలు వరుసగా నిలబడేవి. మౌలాలి ఒక్కొక్కటే విరిచి, నమిలి, ఆకాశం చూసి తీర్పు చెప్పేవాడు. కొండయ్యది ఎప్పుడూ ఆరోదో ఏడోదో, ఎక్కడో మధ్యలో కలిసిపోయి ఉండేది.

ఒకరోజు పత్తి షావుకారు రైలుకు పోవాలని స్వయంగా వచ్చాడు. తన గుర్రం సంచిలో మౌలాలి చెయ్యి ఉంది. కొండయ్య ముఖంలో నెత్తురు లేదు.

"ఏంది బాషా ఇది? నా గుర్రం మేత వీడెందుకు తింటాండాడు?"

అమీర్ బాషా రెప్ప కొట్టలేదు. "ఈ స్టాండులో కట్టుబాటు షావుకారూ. మా తాతల కాలం నుంచి ఉండాది. ఒగని మేత ఇంగొగడు నమిలినాకనే గుర్రానికి పెట్టేది."

రహమాన్ గట్టిగా తల ఊపాడు. నేను కూడా, ప్రభుత్వోద్యోగినన్న సంగతి మరిచి, తల ఊపాను. షావుకారు మమ్మల్ని వరుసగా చూశాడు.

"బండి నాది, గుర్రం నాది. అట్లయితే నేను గూడ నమలల్ల గదా?"

మౌలాలి భక్తిగా ఒక ముక్క చేతిలో పెట్టాడు. షావుకారు దాన్ని నోట్లో వేసుకుని, మౌలాలిలాగే కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలాడు. తర్వాత ఆకాశంవైపు చూశాడు.

"పెట్టొచ్చు" అన్నాడు షావుకారు.

కొండయ్య తోబ్రా తీసుకుని గుర్రం మూతికి తగిలించాడు.