బాబాయి వదిలేసిన పంచదార

ఆ రోజుల్లో నాకో జబ్బుండేది, చదువుకున్నదంతా ఎదురుపడ్డవాళ్ళకి విప్పి చెప్పడం. (ఇప్పుడూ ఉంది, కాకపోతే జీతం ఇస్తున్నారు.) రెండువేల సంవత్సరం దాటిన కొత్త. విశాఖలో కణాల మీద పరిశోధన చేస్తూ, సెలవులకి రాయగడలో బాబాయి ఇంటికి వెళ్ళాను. పిన్నికి రొమ్ము క్యాన్సర్. మందు ఎక్కించాక మనిషి ఎండిపోయింది. బరువు పెరిగితేనే తర్వాతి విడత అని డాక్టరు తిప్పి పంపేశారు. బాగా పంచదార వేసిన పాల టీ, అందులో ముంచిన రస్కు తప్ప నోటికేదీ సహించడం లేదు.

బాబాయిది పంచదార హోల్‌సేల్ వ్యాపారం. "ఒంట్లో కాపలా ఉంతాదంతావు గదమ్మీ, మరి ఈ రోగాన్నెందుకు ఒగ్గీసింది?" అని అడిగాడు. ఇంకేం, రెచ్చిపోయాను. గోడౌన్ కాపలావాడు మన ఇంటి కండువా కనిపిస్తే చాలు, మనిషిని ఆపడు కదా, దొంగ అదే కండువా వేసుకొస్తే? మన కణాల పైన సన్నటి చక్కెర గొలుసులుంటాయి, అవి ఇంటి గుర్తు. క్యాన్సర్ కణం వాటిని మరీ దట్టంగా కప్పుకుంటుంది, కాపలా కణాలు మనవాడే అనుకుని వదిలేస్తాయి అని చెప్పాను. బాబాయి తలూపి, పిన్ని టీ గ్లాసు వైపు చూశాడు. (అర్థమైందని మురిసిపోయాను.)

తెల్లారేసరికి ఆయన తలస్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, కాశీలో ఇష్టమైనది వదిలేసినట్టు ఇంటిల్లిపాది తరఫునా పంచదార వదిలేశాడు! వంటింట్లో డబ్బా మాయం. పిన్ని చప్పటి టీ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం రస్కూ ముట్టలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చెప్పిందేమిటి, ఈయన చేసిందేమిటి! ఆ గొలుసులు కణం తనే తయారు చేసుకుంటుంది, టీ చప్పగా తాగితే దాని ముసుగు ఊడదు, తిండి లేక పిన్ని పోతుంది అని అరిచాను. "మొక్కీసేనమ్మీ, ఇంక తిరగడానికి లేదు" అన్నాడు. మీరే చెప్పండి, కొరాపుట్ దాకా షాపులన్నిటికీ బస్తాలు పంపొచ్చట, కట్టుకున్న మనిషికి మాత్రం చెంచాడు లేదట!

చివరికి పిన్నే మంచం మీద లేచి కూర్చుంది. "మొక్కు నువ్వు మొక్కేవు, సప్పటి టీ నువ్వే తాగు. నానేటీ ఒగ్గలేదు. అమ్మీ, నా టీలో పంచదార ఎయ్యి" అంది. నేను గోడౌన్‌కి వెళ్ళి, బస్తా కుట్టు విప్పి, గిన్నెడు తెచ్చాను. బాబాయి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పిన్ని బరువు పెరిగింది, వైద్యం పూర్తయింది, ఈనాటికీ గట్టిగానే ఉంది. బాబాయిది మాత్రం ఇప్పటికీ చప్పటి టీయే. మొన్న వెళ్ళినప్పుడు ఉండబట్టలేక, దానికీ దీనికీ సంబంధం లేదని మళ్ళీ మొదలుపెట్టాను. "నాకు తెల్దేటమ్మీ? అది బతికింది. ఇప్పుడు నాను తీపి టీ తాగితే, దానికేటయినా అయితే?" అన్నాడు. మళ్ళీ కోపం వచ్చింది. అంతలో పిన్ని టీ తెచ్చి, పంచదార గిన్నె నా ముందుకి జరిపింది. వద్దన్నాను. (ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఎందుకని మాత్రం అడక్కండి.)